బీచుపల్లి రోడ్డు మీద ఇంగ్లీషు బేరం

నా సర్వీసులో ఎక్కువ భాగం యాక్టివ్ వాయిస్‌ను పాసివ్ వాయిస్‌గా మార్చడం నేర్పడంలోనే గడిచిపోయింది. రాముడు మామిడిపండు తిన్నాడు అంటే, మామిడిపండు రాముడి చేత తినబడింది అనాలి. వనపర్తిలో నేను పనిచేసిన ఆడపిల్లల హైస్కూల్లో ఆ పండును ఏటా ఎన్నో సార్లు తినిపించేవాళ్లం. పరీక్షలో మార్కులు పడేవి. ఆ తర్వాత ఆ వాక్యంతో ఏ పిల్లకైనా ఒక్క పని జరిగిందా అంటే, నాకు తెలియదు. ఎవరూ వచ్చి చెప్పలేదు.

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీకు బాగా గుర్తుండిపోయిన క్లాసు ఏది?" అని అడుగుతారు. పదో తరగతి ఫలితాల గురించి చెబుతానని అనుకుంటారు కాబోలు. నాకు గుర్తొచ్చేది మాత్రం గోడలు లేని క్లాసు. ఒకవైపు హైవే మీద లారీలు, ఇంకోవైపు కృష్ణ మీంచి వచ్చే గాలి, మధ్యలో పాకం వాసన. అందులో నేను చెప్పిన పాఠం మొదట బోల్తా కొట్టింది. అందుకే మీకు చెబుతున్నాను.

రిటైర్మెంటు దగ్గర పడిన రోజులవి. బీచుపల్లి దగ్గర హైవే పక్కన మహిళా సంఘాల వాళ్లకు వరసగా కొన్ని స్టాళ్లు కట్టించారు. హైదరాబాదు, బెంగళూరు మధ్య తిరిగే కార్లు అక్కడ ఆగుతాయి. ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చేవాళ్లు ఆగుతారు. స్టాళ్లు చూసుకునే కోఆర్డినేటరు గద్వాల కుర్రాడు, ఎంబీఏ చదివి కాంట్రాక్టు మీద చేరాడు. ఒకరోజు మా స్కూలుకు వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"కార్లోళ్లు ఆగుతుండ్రు మేడం. ఇంగ్లీషుల అడుగుతుండ్రు. మనోళ్లు నవ్వి ఊకుంటుండ్రు. వాళ్లు కారెక్కి పోతుండ్రు. జర కొన్ని దినాలు మీరొచ్చి మాటలు నేర్పుండ్రి. పైనుంచి ఆర్డరు నేను తెస్త."

ఆర్డరు తెచ్చాడు. మధ్యాహ్నం దాకా స్కూలు, ఆ తర్వాత పెబ్బేరు మీదుగా బస్సులో బీచుపల్లి. చాక్‌పీసులు, గ్రామరు పుస్తకం సంచిలో వేసుకుని బయలుదేరాను.

స్టాళ్ల వెనక రేకుల షెడ్డు కింద క్లాసు. పది మందికి కొంచెం ఎక్కువే ఉండేవాళ్లు. కార్లు ఆగితే ఇద్దరు ముగ్గురు లేచి పోయేవాళ్లు, మళ్లీ వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లలో ఇద్దరి గురించి చెప్పాలి.

ఒకామె పల్లీపట్టీలు చేసేది. నలభై దాటని మనిషి. పుట్టిల్లు ఉప్పునుంతల దిక్కు, అత్తగారిల్లు బీచుపల్లికి దగ్గరి ఊరు. పెళ్లయిన దగ్గర్నుంచి మొగుడూ పెళ్లాలు పుణెకు పోయి బిల్డింగు పనులు చేసుకొచ్చారు. కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రి ఊరికొచ్చి ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా అక్కడే ఉండాలి. పెద్దబిడ్డ చదువు ఆ తిరుగుళ్లలో పోయింది. చిన్నబిడ్డ అప్పుడు ఊళ్లో ఎనిమిదో తరగతి. ఇంట్లో వదిలిపోదామంటే పెద్దలెవరూ లేరు, పోతే పిల్లను కూడా తీసుకుపోవాల్సిందే. ఆ ఏడు భర్త కౌలుకు పొలం పట్టి పల్లీ వేశాడు, ఈమె స్టాలు పట్టుకుంది. ఒక్క ఏడాది పోకుండా ఉండి చూద్దాం అనుకున్నారు.

ఇంకొకామె జొన్నరొట్టెలు చేసే అవ్వ. ఎల్లిగడ్డ కారంతో రొట్టె ఇస్తే లారీ డ్రైవర్లు వెతుక్కుని వచ్చేవాళ్లు. ఆమెకు ఇంగ్లీషుతో పని లేదు. క్లాసుకు మాత్రం అందరికంటే ముందు వచ్చేది. "ఇంట్ల కోడలు సీరియల్ వెడ్తది, ఇక్కడ నువ్వు చెప్తున్నవ్. నీదే నయముంది," అన్నది ఓసారి.

మొదటి పాఠం నాకు అలవాటైనదే మొదలుపెట్టాను. లెక్కపెట్టగలిగిన వాటికి మెనీ, లెక్కపెట్టలేని వాటికి మచ్. నీళ్లు, పిండి, నూనె లెక్కపెట్టలేం. అదే వరసలో 'మనీ' అని బోర్డు మీద రాశాను.

పట్టీలామె చెయ్యి ఎత్తింది. "పైసలు లెక్కవెట్టరాదా మేడం?"

"రూపాయలు లెక్కపెట్టొచ్చమ్మా. మనీ లెక్కపెట్టలేం. గ్రామర్ అట్లా ఉంటుంది."

"మల్ల రోజూ సందెకాడ మేము కూసోని లెక్కవెడ్తున్నదేంది?"

షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్లలో ఆ పాఠానికి ఎవరూ నవ్వలేదు.

తర్వాత 'లెండ్' అంటే అప్పు ఇవ్వడం, 'బారో' అంటే అప్పు తీసుకోవడం అని చెప్పాను. మనకు రెండింటికీ అప్పు అన్న మాటే ఉంది, ఇంగ్లీషులో వేరువేరు మాటలు అన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. "మాకొక్కటి చాలు మేడం. ఇచ్చేది మా ఇంటావంటా లేదు."

రెండు మూడు రోజులకే పుస్తకం సంచిలోంచి తీయడం మానేశాను. కోఆర్డినేటరూ నేనూ కూర్చుని, కారు ఆగిన దగ్గర్నుంచి పోయేదాకా అవసరమయ్యే మాటలు రాసుకున్నాం. రండి సార్. ఏం కావాలి సార్. కిలో ఎంత, అర కిలో ఎంత. ఇదిగో మీ చిల్లర. థాంక్యూ, మళ్లీ రండి. 'కెన్ యు' అని ఏది అడిగినా 'యెస్ సర్' అనాలి. ప్యాక్ చేస్తారా, యెస్ సర్. కార్లో పెడతారా, యెస్ సర్. ఫోన్‌లో పైసలు కొడితే తీసుకుంటారా, యెస్ సర్. కొనడానికి వచ్చినవాడికి ఇబ్బంది కలగకూడదని మా ఉద్దేశం. పద్యం అప్పజెప్పినట్లు అందరూ అప్పజెప్పారు. పట్టీలామె అందరికంటే బాగా చెప్పేది. పుణెలో హిందీ పట్టుకున్న నోరు, ఇంగ్లీషు దానికి పెద్ద బరువు కాలేదు.

ఒక పెద్ద కారు ఆగి, అందులోంచి దిగిన కుటుంబంతో ఆమె మొదటిసారి పూర్తిగా ఇంగ్లీషులో అమ్మింది. కోఆర్డినేటరు వీడియో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. పైనుంచి అభినందనలు వచ్చాయి. నా పేరు కూడా అందులో వచ్చింది. కాదనను, బస్సులో ఇంటికి పోతూ ఆ మెసేజీని చాలాసార్లు చదువుకున్నాను.

స్కూల్లో పరీక్షలని రెండు వారాలు పోలేదు. ఆ తర్వాత ఒక సోమవారం క్లాసుకు పోయేసరికి షెడ్డు కింద బోర్డు ఎవరూ తెచ్చి పెట్టలేదు. పట్టీలామె అటు తిరిగి పల్లీలు చెరుగుతోంది. నా వైపు చూడలేదు.

ఏమైందని అడిగితే అవ్వ చెప్పింది. వారం పది రోజుల కింద బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. తినుబండారాలను బాక్సుల్లో సర్ది కంపెనీలకు పండుగ కానుకలుగా అమ్మే వ్యాపారం ఆయనది. పట్టీ రుచి చూశాడు, నచ్చింది. కిలో ధర టూ ఫార్టీ అని పట్టీలామె చెప్పింది. పెద్ద ఆర్డరు ఇస్తాను, 'కెన్ యు డు ఇట్ ఫర్ వన్ ఎయిటీ?' అని ఆయన అడిగాడు.

కెన్ యు అని వినపడింది. యెస్ సర్ అన్నది.

మేం నేర్పిన దాంట్లో తప్పేమీ లేదు. ప్రశ్నకు సరైన జవాబు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు వేసేదాన్ని. కానీ పల్లీ, బెల్లం, గ్యాసు, మనుషుల కూలి కలిపితే వాళ్లకు కిలో రెండు వందల దాకా పడుతోంది. ఆయన డబ్బు కట్టి ఆర్డరు ఇచ్చి పోయాక, ఎంతకు ఒప్పుకున్నదో సంఘంలో మిగతావాళ్లకు అప్పుడు తెలిసింది. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. సంఘంలో వాళ్లంతా కూర్చుని రోజుల తరబడి పట్టీలు చేసి పంపారు. చేసిన కొద్దీ నష్టం.

"ఇంగ్లీషు రాని దినాలల్ల ఇంత నష్టం రాలె మేడం," అన్నది అవ్వ. నన్ను తిట్టడానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పింది.

పట్టీలామె పక్కన పీట మీద కూర్చున్నాను. ఆమే అన్నది: "అడిగింది సమజైంది మేడం. గంత తక్కువకు అడుగుతుండని సమజైంది. కాదనాలంటె నోట్లె మాట లేదు. నువ్వు చెప్పిన మాటలన్ని యాది చేస్కున్న. ఒక్కటి దొరకలె."

నిజమే. రాసుకున్న మాటలన్నీ మనసులో తిరగేసుకున్నాను. యెస్, వెల్‌కమ్, థాంక్యూ, షూర్, ఆఫ్‌కోర్స్. కాదు అనే మాట ఒక్కటీ లేదు. అమ్మేవాళ్లకు అవసరమైన మాటలు రాస్తున్నామనుకుని, కొనేవాళ్లకు హాయిగా ఉండే మాటలు రాశాం.

ఇంతలో కోఆర్డినేటరు ఇంకో వార్త తెచ్చాడు. ఈ సీజను చివర స్టాళ్ల లెక్కలు చూస్తారట. అమ్మకాలు సరిగా లేని స్టాళ్లు బయటి టీ కంపెనీకి ఇచ్చే ఆలోచన ఉందట. "నాది కాంట్రాక్టు నౌకరి మేడం. నేను చెప్తె వింటరా? ఇంగ్లీషొచ్చిన ఎవరినన్న జీతం మీద పెడ్దమంటున్న," అన్నాడు. అతని పరేషాను అతనిది. అదే వారంలో పట్టీలామె ఊళ్లో గుంపు మేస్త్రి దిగాడని కూడా విన్నాను.

మరుసటి రోజు బోర్డు మీద ఒక్క మాట రాశాను. నో.

ఇది చాలా తేలికైన పాఠం అనుకున్నాను. మూడేళ్ల పిల్లలు అనే మాట. కానీ ఆ పది పన్నెండు మందిలో ఒక్కరి నోటా సరిగా రాలేదు. కొందరు నవ్వుతూ అన్నారు. కొందరు తల కిందికి వేసుకుని అన్నారు. ఒకామె, "మన దగ్గరికొచ్చినోళ్లను లేదు పో అంటె ఎట్లుంటది మేడం? మల్ల వస్తరా?" అన్నది.

కోపంగా కాకుండా మర్యాదగా చెప్పే పద్ధతి ఇంగ్లీషులో ఉందని చెప్పాను. 'ఐయామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్' అని రాసి, మాట మాటకూ అర్థం చెప్పాను. అక్కడే చిక్కు వచ్చింది.

"అఫ్రెయిడ్ అంటె భయం గద?" అన్నది పట్టీలామె.

"భయమే. కానీ ఇక్కడ నిజంగా భయం కాదు. మర్యాదకు అంటారు."

"నేననను మేడం. నా సరుకుకు నేను ధర చెప్పెతందుకు భయమైతుందని ఎందుకంట? భయమైతె ఉన్నది. ఉన్నదాన్ని మల్ల నోటితోని చెప్పాల్నా?"

ఇంగ్లీషు మర్యాదను సమర్థించడానికి ఒక నిమిషం ప్రయత్నించి, చెరిపేశాను. ఆమెకు నచ్చినవి ఏవో వెతికాం. 'నో సర్, ఐ కెనాట్.' 'ఇట్ కాస్ట్స్ అస్ మోర్.' 'దిస్ ఈజ్ ద ప్రైస్.' చిన్న వాక్యాలు. ఎవరికీ భయపడనివి.

ఇక అభ్యాసం. నేను కొనేదాన్నై అడిగేదాన్ని, వాళ్లు కాదనాలి. వాళ్లు నన్ను కాదనలేకపోయారు. రెండు రూపాయలు తగ్గించమంటే తగ్గించేవాళ్లు, ఇరవై తగ్గించమన్నా తగ్గించేవాళ్లు. "నువ్వు మేడంవి. నీకు లేదని ఎట్ల అంటం?" అన్నారు. నా వల్ల కాదని తేలిపోయింది.

అప్పుడు అవ్వ లేచింది. కోఆర్డినేటరు జేబులో ఉన్న నల్లద్దాలు అడిగి తీసుకుని పెట్టుకుంది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఆ కుర్చీయే కారు.

"హౌ మచ్?" అన్నది.

"టూ ఫార్టీ సర్," అన్నది పట్టీలామె నవ్వు ఆపుకుంటూ.

"టూ మచ్."

అవ్వకు వచ్చిన ఇంగ్లీషు ఆ రెండు ముక్కలే. కానీ వాటిని ఆమె అన్న తీరు చూడాలి. పట్టీని రెండు వేళ్లతో ఎత్తి చూసేది, వాసన చూసేది, పక్కకు పెట్టేది, టూ మచ్ అనేది. ఎవరు ఏం చెప్పినా టూ మచ్. జీవితమంతా తన సరుకును జనం ఎలా తీసిపారేశారో, అదంతా గుర్తుపెట్టుకుని తిరిగి చేస్తోంది. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరికి కోపం వచ్చింది. కోపం వచ్చాక నో అనడం వచ్చింది.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. నో సర్ అన్నాక ఎదుటివాడు ఏమీ మాట్లాడకపోతే వీళ్లు ఆగలేకపోయేవాళ్లు. ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక, "నో సర్... సరే సర్, టూ ట్వెంటీ... టూ హండ్రెడ్ తీస్కో సర్" అని వాళ్లంతట వాళ్లే దిగిపోయేవాళ్లు. వాక్యం అయిపోయాక నోరు మూసుకోండి అని చెప్పాను. ఫుల్‌స్టాప్ అంటే అదే అన్నాను. పిల్లలు ఫుల్‌స్టాప్ పెట్టలేదని ఏళ్ల తరబడి ఎర్ర సిరాతో చుట్టినదాన్ని, దానితో ఇంత పని ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది. అవ్వ నల్లద్దాల్లోంచి చూస్తూ కూర్చుంటే, ఎదురుగా నిలబడి మాట్లాడకుండా ఉండటం ఒక్కొక్కరికీ నేర్పాం. ఇంగ్లీషు క్లాసులో మాట్లాడకుండా ఉండటం నేర్పిన టీచరును బహుశా నేనొక్కదాన్నే.

దీపావళి ఇంకా నెల ఉందనగా బెంగళూరాయన మళ్లీ వచ్చాడు. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. కార్లో ఆయన తల్లి కూడా ఉంది, దర్శనానికి వచ్చారట. ఆయన మంచి మాటకారి, నవ్వుముఖం. చెడ్డవాడని నేను చెప్పను. వ్యాపారం చేసుకునే మనిషి, తక్కువకు దొరికితే తక్కువకు కొంటాడు. పోయినసారి పట్టీలు బాగున్నాయని, ఈసారి దానికి మూడింతల ఆర్డరు అని, అదే రేటని ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు.

కోఆర్డినేటరు ముందుకు రాబోయాడు. నేను అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాను. నేను కూడా పోలేదు. పోవాలని నాకూ ఉంది. కానీ మేం వెళితే ఇక ఆమె ఎప్పటికీ మాట్లాడదు.

"నో సర్," అన్నది పట్టీలామె.

ఆయన ఆశ్చర్యపోయాడు. "వై? లాస్ట్ టైమ్ యు గేవ్."

"లాస్ట్ టైమ్ వుయ్ లాస్ట్ మనీ. ఇట్ కాస్ట్స్ అస్ టూ హండ్రెడ్. దిస్ ఈజ్ ద ప్రైస్. టూ ఫార్టీ."

"ఓకే, ఓకే. వన్ నైంటీ."

"నో సర్. ఐ కెనాట్."

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడలేదు. అవతల లారీలు పోతున్నాయి. ఆమె రెండు చేతులూ కౌంటరు అంచును పట్టుకుని ఉన్నాయి. కొంగు కొస గాలికి ఊగుతోంది, దాన్ని కూడా సర్దుకోలేదు. అవ్వ రొట్టె పెనం మీద వేసి తిప్పడం మర్చిపోయింది. మాడిన వాసన వచ్చింది.

"థింక్ అబౌట్ ఇట్," అని నవ్వి, ఆయన కారు వైపు వెళ్లాడు. కారు కదిలి వంతెన మీదికి పోయింది. ఒక్క పట్టీ కూడా కొనలేదు.

కోఆర్డినేటరు తల పట్టుకున్నాడు. "గింత పెద్ద ఆర్డరు మేడం. దాంతోనే ఈ సీజను లెక్క సరిపోయేది. టూ హండ్రెడ్‌కన్న ఒప్పుకుంటుండె." సంఘంలో ఒకరిద్దరు కూడా గొణిగారు. పట్టీలామె పల్లీల బస్తా మీద కూర్చుండిపోయింది. ఎవరో నీళ్లిచ్చారు. తాగి, నా వైపు చూసింది.

"గ్రామరు కరెక్టే ఉండెనా మేడం?"

"కరెక్టే ఉంది తల్లీ. అంతా కరెక్టే."

"మల్ల ఎందుకు పోయిండు?"

పిల్లలు అడిగే ఎన్నో ప్రశ్నలకు తప్పించుకునే జవాబులు నాకు వచ్చు. ఆమె ముందు అవి వాడబుద్ధి కాక సంచి భుజాన వేసుకున్నాను. ఆ సాయంత్రం పెబ్బేరులో బస్సు మారుతూ, ఆమెకు నేను నేర్పింది నిజంగా మంచిదేనా అని చాలాసేపు ఆలోచించాను. అవసరమైన చోట తలవంచి పోయేవాళ్లకు కూడా బతుకు నడుస్తుంది. నడుం నిటారుగా పెట్టమని చెప్పి, బస్సెక్కి నెలనెలా జీతం వచ్చే ఇంటికి పోతున్నదాన్ని నేను. రేపు ఆమె చిన్నబిడ్డ చదువు మాని పుణె రైలెక్కితే ఎవరిది పూచీ?

తర్వాతి రోజుల్లో అమ్మకాలు మామూలుగానే ఉన్నాయి. బెంగళూరు నుంచి ఏ కబురూ లేదు. క్లాసులు కూడా పలచబడ్డాయి. ఇద్దరు మానేశారు. మానొద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఒకరోజు పోయేసరికి పట్టీలామె ఒక్కతే ముందే వచ్చి కూర్చుని ఉంది. "నిన్న మేస్త్రి ఇంటికొచ్చిండు మేడం," అన్నది. "అడ్వాన్సు పైసలు మంచం మీద పెట్టిండు. పోయిన ఏటికంటె ఎక్కువనే ఇస్తనన్నడు. మా ఇంటాయన నా మొఖం చూస్తుండు. బిడ్డ లోపల చదువుకుంటుండె, సప్పుడు బంజేసింది."

"ఏమన్నావు?"

"లేదు, మేము రాము అన్న. అని ఊకున్న. ఆయన చాలాసేపు కూసున్నడు. ఇంకేమన్న అంటనేమొ అని చూసిండు. నేను అనలే. పైసలు తీస్కొని లేసి పోయిండు."

"స్టాలు ఉంటుందో లేదో తెలియదు కదమ్మా. బెంగళూరాయన కూడా రాలేదు."

"తెల్వదు. అయినా ఒక్కసారి అన్నంక, రెండోసారికి నోరు తిరిగింది మేడం." పల్లీల చేట దగ్గరికి లాక్కుంటూ అన్నది, "ఇంత సులువని తెలిస్తె ఎన్నడో అందును. పెద్దబిడ్డ గూడ చదువుకుంటుండె."

ఆమె నాకు నేర్పిన పాఠం అంటూ పెద్ద మాటలు చెప్పను. నాకు భయమేసింది, అంతే. ఇంటికి పోయి దేవుడి ముందు దీపం పెట్టి, ఆ బెంగళూరాయనకు మంచి బుద్ధి పుట్టించమని మొక్కుకున్నాను. ఇంగ్లీషు టీచరు చేయగలిగింది అప్పటికి అదే మిగిలింది.

ఆయన ఫోను చేసింది నేను లేనప్పుడు. వేరే చోట తక్కువకు తీసుకున్న పట్టీలు రెండు రోజులకే మెత్తబడి కొనేవాళ్లు తిప్పి పంపారట. కార్లో కూర్చున్న తల్లి ఇంటికి పోయాక, ఆ అమ్మాయి దగ్గరే తీసుకోరాదా అని కన్నడంలో పోరు పెట్టిందట. ఏది ఎంత నిజమో తెలియదు. ఫోనులో బేరం మాత్రం గట్టిగానే జరిగింది. పోయినసారి బాక్సులు వీళ్లే కొని సర్దారు. ఆ ఖర్చు అదనంగా మీద పడిందని పట్టీలామెకు గుర్తుంది. 'ఇఫ్ యు సెండ్ బాక్స్, ఐ గివ్ టూ థర్టీ. హాఫ్ మనీ ఫస్ట్,' అన్నది. ఆయన ఒప్పుకున్నాడు.

ఆమె ఆ వాక్యాన్ని నాకు అప్పజెప్పినప్పుడు ఇంకోసారి చెప్పమన్నాను. ఇఫ్ క్లాజు నేను ఆ క్లాసులో చెప్పనే లేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఏడాదంతా చెప్పినా రాదు. పరీక్ష పేపర్లో అయితే రెండు తప్పులు చుట్టి, సగం మార్కు వేసేదాన్ని. దానికి కొన్ని క్వింటాళ్ల పల్లీపట్టీల ఆర్డరు వచ్చింది.

సీజను చివర లెక్కలు చూశారు. స్టాళ్లను ఇంకో ఏడాది సంఘాలకే ఉంచారు. అన్నీ కాదు, రెండు టీ కంపెనీకి పోయాయి. మానేసిన ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చింది, ఇంకొకామె రాలేదు. కోఆర్డినేటరుకు వేరే జిల్లాలో మంచి ఉద్యోగం దొరికింది. పోయేముందు నల్లద్దాలు అవ్వకే ఇచ్చి పోయాడు. అవ్వ వాటిని ఎండలో రొట్టెలు కాల్చేటప్పుడు పెట్టుకునేది. ఆ ఎండాకాలం నేను రిటైరయ్యాను. పట్టీలామె చిన్నబిడ్డ తొమ్మిదికి వచ్చింది.

మొన్నీమధ్య ఆమె దగ్గర్నుంచి ఫోను. "మేడం, అచ్చంపేటకు రావాలె. మా పుట్టింటి దిక్కు ఆడోళ్లకు క్లాసు చెప్పుమని పిలిచిండ్రు. నువ్వు ఊకె వచ్చి కూసో. ఏం చెప్పొద్దు."

ఏం చెప్పొద్దు అన్న షరతు మీద వెళ్లాను. శ్రీశైలం పోయే దారిలో తేనె, చింతపండు, సీతాఫలాలు అమ్ముకునే ఆడవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. ఆమె బోర్డు ముందు నిలబడింది. వెల్‌కమ్ అని గానీ, గుడ్ మార్నింగ్ అని గానీ మొదలుపెట్టలేదు. ముందు ఒక్కొక్కరిని నిలబెట్టి నో అనిపించింది. వాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"కోపంగ గాదు. నవ్వుకుంట గూడ గాదు. నీళ్లిస్తవా అంటె ఇస్త అన్నట్టు, మామూలుగ అను," అన్నది వాళ్లతో.

తర్వాత ఒక వాక్యం చెప్పింది. 'వుయ్ నాట్ గివింగ్ లెస్, సర్.' అందరినీ తిరిగి చెప్పమన్నది. మధ్యలో 'ఆర్' లేదు. ముప్పై గొంతులు ఆ తప్పును ఒక్కసారిగా పలికాయి. నా చేయి దానంతటదే లేవబోయింది. రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

నా పక్కన చింతపండు అమ్మే పెద్దావిడ కూర్చుని ఉంది. నేనెవరో ఆమెకు తెలియదు. మోచేత్తో పొడిచింది. "నువ్వెందుకంటలేవమ్మా? సిగ్గైతుందా?"

బోర్డు దగ్గర్నుంచి పట్టీలామె నా వైపే చూస్తోంది.

"వుయ్ నాట్ గివింగ్ లెస్, సర్," అన్నాను.

"ఇంక జర గట్టిగ," అన్నది పెద్దావిడ.

గట్టిగా అన్నాను.